ఆర్ట్ టీచర్ కాబోయేవాళ్ళకిచ్చే అవార్డు: నా బొమ్మలు అంతంతమాత్రం, అప్లై చేయనా?

ఇంకుమరక

నమస్తే అండి. యూనివర్సిటీలో ఆర్ట్ ఎడ్యుకేషన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సొంతంగా బొమ్మలు వేసి గ్యాలరీల్లో పెట్టాలన్న ఆశ పెద్దగా లేదు. బళ్ళో పిల్లలకి బొమ్మలు నేర్పాలనే ఈ కోర్సులో చేరాను. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ "దాని డ్రాయింగు చదువు" అంటారు.

ఆర్ట్ టీచర్లు కాబోయేవాళ్ళ కోసమే పెట్టిన అవార్డులు రెండు కంటపడ్డాయి. ఒకటి మా డిపార్ట్‌మెంట్ ఇచ్చేది. ఒక సెమిస్టర్ ఫీజులో దాదాపు సగానికి సరిపోతుంది. రెండోది బయటి సంస్థది. డబ్బు దీనికి మూడింతలు, కానీ చదువు అయ్యాక కొన్నేళ్ళు టీచరుగానే చేస్తానని బాండ్ మీద సంతకం పెట్టాలి. రెండూ అడిగేవి ఇంచుమించు ఒకటే: పది బొమ్మల పోర్ట్‌ఫోలియో, రెండు పేజీల వ్యాసం, ఒక లెసన్ ప్లాన్, ఇద్దరి సిఫార్సు ఉత్తరాలు. గడువు ఇంకా 26 రోజులుంది.

నాన్నకి చెప్తే "డ్రాయింగ్ టీచర్లకి కూడా స్కాలర్‌షిప్పులిస్తారా?" అని ఆశ్చర్యపోయారు. వెటకారం కాదు, ఆయనకి తెలీదంతే. మొన్నటిదాకా నాకూ తెలీదు.

నా టెన్షన్ ఏంటంటే, స్టూడియో క్లాసులు మేం ఫైన్ ఆర్ట్స్ వాళ్ళతో కలిసి చేస్తాం. వాళ్ళ పక్కన పెడితే నా బొమ్మలు తేలిపోతాయి. ఆయిల్స్‌లో ఒంటి రంగు కలపబోతే ఇప్పటికీ నాకు బురద రంగే వస్తుంది. "నీ పోర్ట్‌ఫోలియో మొదటి రౌండ్‌లోనే పక్కన పడేస్తారు, ఎందుకు శ్రమ" అని ఒక ఫ్రెండ్ మొహం మీదే అనేసింది.

డబ్బు అవసరం మాత్రం నిజం. వచ్చే ఏడాది ఆఖరి సెమిస్టర్ అంతా బళ్ళో ప్రాక్టీస్ టీచింగే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఉండాలి, జీతం ఉండదు. ఇప్పుడు పార్ట్‌టైమ్‌గా పోస్టర్లు డిజైన్ చేసి నా ఖర్చులు నేనే వెళ్ళదీసుకుంటున్నా. అప్పుడా పనికి టైం దొరకదు.

ఇలాంటివి గెలిచినవాళ్ళు గానీ, పోగొట్టుకున్నవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. బొమ్మలు ఇంత మామూలుగా ఉన్నా అప్లై చేయొచ్చా? వ్యాసంలో ఏం రాస్తారు? బాండ్ ఉన్నదాని జోలికి వెళ్ళొచ్చా?

---

బొగ్గుచేతులు

ఫైన్ ఆర్ట్స్ వాణ్ణి, కాబట్టి నా మాట కాస్త తగ్గించుకుని వినండి. ఆర్ట్ అవార్డు ఏదైనా చివరికి చూసేది బొమ్మలనే. ఉన్నవాటిలో మంచివి పది తీయండి, అన్నీ ఒకే స్టైల్‌లో ఉండేలా చూసుకోండి. ఇంకా 26 రోజులుంది కదా, ఒక పెద్ద ఆయిల్ మొదలుపెట్టండి. వ్యాసం గురించి అంత ఆలోచించక్కర్లేదు, చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ఎంత ఇష్టమో మనసుపెట్టి రాస్తే చాలు.

---

సుద్దముక్క

బొగ్గుచేతులు బాబూ, కోపం తెచ్చుకోకు. నువ్వు చెప్పిందల్లా అక్షరాలా పాటించి నేను ఒకప్పుడు అవార్డు పోగొట్టుకున్నాను.

నేను బళ్ళో బొమ్మలు నేర్పడం మొదలుపెట్టి 19 ఏళ్ళు. ఇలాంటి అవార్డుల ఎంపిక కమిటీలో నాలుగుసార్లు కూర్చున్నాను. అంతకుముందు ఇంకుమరకలాగే నేనూ అప్లై చేసినదాన్నే. మొదటిసారి ఏం చేశానంటే, ఉన్నవాటిలో మంచి ఆయిల్స్ ఏరి, ఫ్రేములు కట్టించి మరీ ఫోటోలు తీయించి పంపాను. లెసన్ ప్లాన్ మాత్రం ఆఖరి రాత్రి కూర్చుని రాశాను. రాలేదు. తర్వాత కమిటీలో ఒకావిడని అడిగితే, "నువ్వు బొమ్మలు వేస్తావని అర్థమైందమ్మా, పిల్లల్ని ఎప్పుడైనా చూశావో లేదో అర్థం కాలేదు" అంది. ఆ రోజు ఆవిడ మీద చాలా కోపమొచ్చింది. రెండో ఏడాది మళ్ళీ పంపాను. ఈసారి నా బొమ్మలు ఐదే. మిగతావన్నీ ఒక క్లాసు కథ. వచ్చింది.

అమ్మాయ్, ఇది ఆర్టిస్టులకిచ్చే బహుమతి కాదు. టీచర్ కాబోయే మనిషి మీద పెట్టే పెట్టుబడి. కమిటీలో మేం పోర్ట్‌ఫోలియో చూసేది ఐదారు నిమిషాలు. చేయి తిరిగిందా, రెండు మూడు మీడియంలు తెలుసా, ఆలోచన ఏమైనా ఉందా, అంతే. లెసన్ ప్లాన్ మాత్రం రెండుసార్లు చదువుతాం, దాని మీదే వాదించుకుంటాం. ఒకసారి నీళ్ళ డబ్బా దగ్గర మొదలైన వాదన అరగంట నడిచింది. 30 మంది పిల్లలకి వాటర్‌కలర్ పాఠం రాసిన అబ్బాయి నీళ్ళు ఎక్కణ్ణించి తేవాలో, మురికి నీళ్ళు ఎక్కడ పోయాలో ఎక్కడా రాయలేదు. బొమ్మలు అద్భుతం. కానీ అతను ఆ క్లాసు నిజంగా చెప్పి ఉంటే నీళ్ళ సంగతి మర్చిపోడు. అవార్డు అతనికి రాలేదు.

అందుకని పోర్ట్‌ఫోలియోలో అన్నీ "ఫైనల్ పీసులే" పెట్టకు. ఒక బొమ్మకి ముందు వేసుకున్న చిన్న చిన్న స్కెచ్‌లు, చెడిపోయిన ప్రయత్నం, ఆ తర్వాత కుదిరింది, ఇలా ఒక వరస పెట్టు. నీ బురద రంగు సంగతే తీసుకో. ఎందుకొస్తోందో తెలుసా? ఒంటి రంగుకని నారింజ ఛాయ కలుపుతావు, నీడ కావాలని అందులో నీలం వేస్తావు. అవి రెండూ ఎదురెదురు రంగులు, ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కంగారుపడి దానికి తెలుపు, పసుపు చేరుస్తావు. నాలుగైదు పిగ్మెంట్లు పడ్డాక ఏ రంగూ బతకదు. రెండుతో ఆపి, మూడోది బ్రష్ కొసన అంటీ అంటనట్టు వేసి చూడు. ఆ బురద రంగు పూసిన పట్టీ, దాని పక్కన రంగు బాగా కలిసిన పట్టీ రెండూ పెట్టి కింద రెండు వాక్యాలు రాశావనుకో, కమిటీలో ప్రతి టీచరూ ఆగి చూస్తుంది. మా క్లాసుల్లో రోజూ జరిగేది అదే మరి. ఎక్కడ చెడుతుందో తెలిసినవాళ్ళే నేర్పగలరు. ఏదీ చెడకుండా చేయి తిరిగినవాళ్ళకి కొన్నిసార్లు చెప్పడం రాదు. (అలాంటి మహానుభావుడి దగ్గరే నేను రెండేళ్ళు చదువుకున్నాను. "ఇలా వెయ్" అని వేసి చూపించి వెళ్ళిపోయేవాడు.)

పిల్లల బొమ్మలు పోర్ట్‌ఫోలియోలో పెట్టొచ్చో లేదో నిబంధనలు చూడు. కొన్నిచోట్ల అభ్యర్థి సొంత బొమ్మలే ఉండాలంటారు. అప్పుడు వాటిని లెసన్ ప్లాన్‌కి జత చెయ్. పిల్లల మొహాలు మాత్రం వద్దు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లల ఫోటో కనిపిస్తే నేనైతే ఆ అప్లికేషన్ అక్కడే పక్కన పెడతాను. చేతులు, బొమ్మ కనిపిస్తే చాలు. పేరు కూడా రాయకు, వయసు రాయి.

వ్యాసం సంగతి. దయచేసి "చిన్నప్పటి నుంచీ నాకు బొమ్మలంటే ప్రాణం" అని మొదలుపెట్టకు. నా చేతికొచ్చిన కట్టల్లో సగానికి పైగా అలాగే మొదలయ్యేవి. మూడోది చదివేసరికి కళ్ళు వాటంతటవే కింది పేరాకి జారతాయి. "కళ మనిషిని సంస్కరిస్తుంది" బాపతు వాక్యాలూ అంతే. వాటితో మాకు గొడవేం లేదు, కానీ అవి ఎవరైనా రాయొచ్చు. నువ్వు మాత్రమే రాయగలిగింది ఒకటి రాయి. ఒక పిల్లాడు, ఒక క్లాసు, అక్కడ నువ్వనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి.

ఇక ఉత్తరాలు. పెద్ద పేరున్న ప్రొఫెసర్ కోసం పాకులాడకు. నిన్ను పిల్లల మధ్య చూసినవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళు మామూలు టీచరైనా సరే, ఒక ఉత్తరం వాళ్ళది ఉండాలి. ఇవాళే అడుగు. అడిగేటప్పుడు నువ్వేం చేశావో ఒక పేజీ రాసిస్తే వాళ్ళ పని తేలికవుతుంది. లేకపోతే "క్రమశిక్షణ కలిగిన విద్యార్థిని" అని నాలుగు లైన్లు రాసి పంపేస్తారు.

పిల్లలకి ఎప్పుడైనా క్లాసు చెప్పావా? ముందది చెప్పు.

---

ఇంకుమరక

మేడం, మీ జవాబు మూడుసార్లు చదివాను. బురద రంగుకి ఇలాంటి గౌరవం దక్కుతుందనుకోలేదు!

క్లాసులు చెప్పాను. పోయిన సంవత్సరం ఆరు నెలలపాటు శనివారాలు ఒక లైబ్రరీలో, వాలంటీర్‌గా. తొమ్మిది నుంచి పదకొండేళ్ళ పిల్లలు 14 మంది. అందులో ఒక పాఠం బాగా గుర్తుంది: కాగితం మొత్తం బొగ్గుతో నల్లగా రుద్దేసి, రబ్బరుతో చెరుపుతూ వెలుతురు గీయడం. వ్యాసం మొదటి పేరా ఇలా రాశాను, చూడండి:

"వినూత్న బోధనా పద్ధతుల ద్వారా విద్యార్థులలో సృజనాత్మకతను పెంపొందించుటకు నేను ఎల్లప్పుడూ కృషి చేస్తాను. ఒక తరగతిలో చార్‌కోల్ మాధ్యమాన్ని వినియోగించి వ్యతిరేక దిశలో చిత్రలేఖనం చేయించగా, అంతవరకు ఆసక్తి చూపని ఒక బాలుడు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నాడు."

ఆ బాలుడు ఎవరంటే, ప్రతి వారం కాగితం తీసుకుని రెండు గీతలు గీసి, "పాడైపోయింది" అని ఉండ చుట్టేసేవాడు. ఒక్కో క్లాసులో నాలుగైదు కాగితాలు. వాడికి నేనేం చెప్పినా "నాకు రాదు టీచర్" అనేవాడు. బొగ్గు రోజున కాగితం ముందే నల్లగా ఉంది కదా, పాడవడానికి ఇంకేం లేదు. రబ్బరు తీసుకుని ఒక మూల చిన్న చతురస్రం చెరిపాడు. కిటికీ అన్నాడు. తర్వాత దాని కింద నేల మీద పడ్డ వెలుగు చెరిపాడు. ఆ రోజు కాగితం ఉండ చుట్టలేదు, ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఆ క్లాసులో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఉంది. చేతులు కడుక్కోవడానికి టైం పెట్టుకోలేదు. ఉన్నది ఒక్క సింకు, 14 మంది, 28 నల్లటి చేతులు. తలుపుల మీద, కుర్చీల మీద అంతా వేలిముద్రలే. లైబ్రరీ వాళ్ళు తిట్టారు. అది రాయాలా, దాచాలా?

---

సుద్దముక్క

పైన కొటేషన్ మార్కుల్లో ఉన్నది కొట్టేయ్. కింద నువ్వు మాకు మామూలుగా చెప్పిందే వ్యాసం. "పాడవడానికి ఇంకేం లేదు" అన్న ముక్క దగ్గర నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను.

దానికి వెనకున్న కారణం కూడా ఒక పేరాలో రాయి, నువ్వు చదువుకున్నదే. పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో లోవెన్‌ఫెల్డ్ చెప్పిన దశల్లో సుమారు తొమ్మిది నుంచి పదకొండేళ్ళ వయసు ఉంది చూడు, పిల్లలు తమ బొమ్మని నిజం వస్తువుతో పోల్చుకోవడం మొదలుపెట్టేది అప్పుడే. అంతకుముందు ఏడెనిమిదేళ్ళవాడు కాగితం అడుగున నేలకని ఒక గీత గీసి, దాని మీద ఇల్లూ చెట్టూ నిలబెట్టి, ఇంటి గోడలోంచి లోపలి మంచం కూడా చూపించి హాయిగా ఉంటాడు. ఇంకో రెండేళ్ళకి అదే పిల్లాడికి తన కుక్క కుక్కలా లేదని తెలిసిపోతుంది. చేయి ఇంకా రాలేదు, కన్ను వచ్చేసింది. "నాకు బొమ్మలు రావు" అన్న మాట ఆ సందులో పుడుతుంది. చాలామంది పెద్దవాళ్ళ బొమ్మలు అక్కడే ఆగిపోయి ఉంటాయి. నీ పాఠంలో అవుట్‌లైన్ లేదు. అవుట్‌లైన్ లేకపోతే తప్పు గీతన్నదే లేదు. వాణ్ణి కాపాడింది అదే. నువ్వు తెలిసి చేశావా, అనుకోకుండా కుదిరిందా? అనుకోకుండా కుదిరితే అలాగే రాయి, తర్వాత ఎందుకో అర్థమైందని రాయి. గొప్ప కోసం ముందే తెలుసని రాయకు, దొరికిపోతావు.

సింకు సంగతి తప్పకుండా రాయాలి! లెసన్ ప్లాన్‌లో దాన్ని సరిదిద్ది చూపించు. 45 నిమిషాల క్లాసైతే ఆఖరి 12 నిమిషాలు శుభ్రం చేయడానికే. ముందు తడి గుడ్డతో తుడుచుకుని తర్వాత నలుగురు నలుగురు చొప్పున సింకు దగ్గరికి. బల్లల మీద పాత న్యూస్‌పేపర్. బొగ్గు పొడి ఊదకూడదు, కాగితం నిలువుగా పట్టుకుని తట్టాలి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే బొగ్గు బదులు మెత్తటి గ్రాఫైట్. ఇవన్నీ మాకు ముత్యాలు.

మార్కులు ఎలా వేస్తావో కూడా రాయి. "అందంగా ఉంది" అని కాదు, కంటికి కనిపించేది. ఉదాహరణకి, బొమ్మలో నలుపు, బూడిద, తెలుపు మూడు ఛాయలు వేరువేరుగా ఉన్నాయా? వెలుగు ఎక్కణ్ణించి వస్తోందో పిల్లవాడు వేలితో చూపించగలడా?

---

పద్దుపుస్తకం

బొమ్మల గురించి మేడం చెప్పాక నేను చెప్పేదేం లేదు. బాండ్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి వచ్చాను. నేను అమెరికాలో ఆర్ట్ ఎడ్యుకేషన్ చదివాను. అక్కడి టీచ్ గ్రాంట్ వ్యవహారం చెప్తే మీ రెండో అవార్డు కాగితాన్ని ఎలా చదవాలో అర్థమవుతుంది.

టీచ్ గ్రాంట్ అమెరికా ప్రభుత్వం ఇచ్చేది, 2007లో వచ్చిన చట్టం కింద. చట్టం ప్రకారం ఏడాదికి 4,000 డాలర్ల దాకా. చేతికొచ్చేది బడ్జెట్ కోతల వల్ల కొంచెం తక్కువ. పేరులో గ్రాంట్ అని ఉంది కాబట్టి తిరిగి కట్టక్కర్లేదనుకుంటాం. షరతు ఏంటంటే, చదువు ముగిశాక ఎనిమిదేళ్ళ లోపు నాలుగేళ్ళపాటు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు చదివే బడిలో, టీచర్ల కొరత ఉన్న సబ్జెక్ట్ చెప్పాలి. చెప్పకపోతే తీసుకున్న మొత్తం అప్పుగా మారిపోతుంది. వడ్డీ అప్పుగా మారిన రోజు నుంచి కాదు, డబ్బు ఇచ్చిన రోజు నుంచి లెక్క.

ఇందులో ఆర్ట్ వాళ్ళకి ఇంకో మెలిక. లెక్కలు, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్ లాంటివి ఎప్పుడూ కొరత సబ్జెక్టుల కిందే లెక్క. ఆర్ట్ అలా కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ప్రకటించే కొరత జాబితాలో ఆర్ట్ ఉంటేనే. ఒకచోట ఉంటుంది, పక్క రాష్ట్రంలో ఉండదు. ఈ ముక్క చదవకుండా సంతకం పెట్టిన క్లాస్‌మేట్ నాకు తెలుసు. ఉద్యోగం ఆర్ట్ టీచరే, బడి పేదపిల్లల బడే, సబ్జెక్ట్ మాత్రం జాబితాలో లేదు.

కాగితాల గొడవ వేరే. చాలా ఏళ్ళు, నిజంగా పాఠాలు చెప్తున్న టీచర్లవి కూడా ఏటా పంపాల్సిన ధ్రువీకరణ పత్రం ఆలస్యమైందనో, ఒక సంతకం లేదనో గ్రాంట్లు అప్పులుగా మారిపోయాయి. పెద్ద గోలయ్యాక 2019లో అలాంటివి తిరిగి పరిశీలించడం మొదలుపెట్టారు. 2021 జులై నుంచి నిబంధనలు కూడా సడలించారు. ఈలోపు నలిగినవాళ్ళు నలిగారు.

కాబట్టి మీ బాండ్‌లో చూడాల్సింది: "టీచర్" అంటే వాళ్ళ దృష్టిలో ఎవరు? పార్ట్‌టైమ్ లెక్కలోకొస్తుందా, ఆర్ట్‌తో పాటు ఇంకో సబ్జెక్ట్ చెప్పమంటే ఆ గంటలు కలుస్తాయా? చదువయ్యాక ఉద్యోగం దొరక్కపోతే ఎన్నాళ్ళు ఆగుతారు? మూడేళ్ళలో రెండేళ్ళు చేసి మానేస్తే మూడో వంతే కట్టాలా, మొత్తమా? ఇవి ఫోన్లో అడక్కండి, మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. బాండ్‌కి భయపడి వదిలేయమనడం లేదు. మీరు ఎలాగూ టీచరే అవుదామనుకుంటున్నారు, అలాంటప్పుడు ఇది మీకు మంచి బేరమే కావచ్చు. "అప్పుగా మారుతుంది" అన్న మాట కాగితంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగాకే సంతకం పెట్టండి.

ఇంకోటి, ఇది నాకే తగిలింది. బయటి అవార్డు వచ్చిందని సంబరపడుతుంటే, నేను చదివిన చోట అప్పటికే ఇస్తున్న సాయంలోంచి సరిగ్గా అంతే కోసేశారు. చేతికి పైసా అదనంగా రాలేదు. ఇది చాలాచోట్ల మామూలే. రెండూ వస్తే ఒకదాన్ని తగ్గిస్తారా అని ముందే మీ ఫీజుల ఆఫీసులో అడగండి. తగ్గించేటట్టైతే ఆ డబ్బు ప్రాక్టీస్ టీచింగ్ సెమిస్టర్‌కి మార్చగలరేమో కనుక్కోండి. మీకు అవసరం అప్పుడే కదా.

ప్రభుత్వాలిచ్చే సాయాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవడం కూడా కష్టమే. ఇంగ్లండ్‌లో ఆర్ట్ అండ్ డిజైన్ టీచర్ ట్రైనింగ్‌కి 2020-21లో 9,000 పౌండ్ల బర్సరీ (చదువుకిచ్చే ధనసాయం) ఇచ్చారు. మరుసటి ఏడాది తీసేశారు. మూడేళ్ళు ఏమీ లేదు. 2024-25లో 10,000 అని మళ్ళీ తెచ్చారు. మధ్యలో చేరినవాళ్ళు చేసిన పాపం ఏంటంటే, ఆ మధ్యలో చేరడమే. టీచర్లు ఎంతమంది దొరుకుతున్నారన్న లెక్కని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే చిన్నదైనా డిపార్ట్‌మెంట్ అవార్డుని తేలిగ్గా తీసుకోకండి.

---

బొగ్గుచేతులు

సరే, ఓడిపోయాను. "చిన్నప్పటి నుంచీ ఇష్టం" అని రాయమన్నది నేనే అని గుర్తుచేయకండి.

ఫోటోల విషయంలో మాత్రం నా మాట వినండి, ఇది నాకు తెలిసిన పని. బొగ్గు బొమ్మల్ని ఫ్లాష్‌తో తీయొద్దు, నలుపు మెరిసి బూడిదైపోతుంది. కిటికీ పక్క గోడకి అంటించి, ఎండ నేరుగా పడని టైంలో తీయండి. ఫోన్ ఎత్తు బొమ్మ మధ్యకి సరిపోవాలి, లేకపోతే కాగితం పైన సన్నగా కింద వెడల్పుగా వస్తుంది. దగ్గరికెళ్ళకుండా రెండడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేస్తే అంచులు వంగవు. తెల్ల కాగితం ఒకటి పక్కన పెట్టి తీస్తే తర్వాత రంగు సరిచేసుకోవచ్చు. ఫైళ్ళకి నంబరు, మీడియం, సైజు, సంవత్సరం పేరుగా పెట్టండి. "ఫైనల్ ఫైనల్ కొత్తది 2" అని పంపిన మహానుభావుణ్ణి నేనే.

ఆ రబ్బరు కిటికీ బొమ్మ ఫోటో ఉందా మీ దగ్గర?

---

ఇంకుమరక

అందరికీ ఒకేసారి జవాబు. గడువుకి మూడు రోజుల ముందే రెండూ పంపేశాను.

కిటికీ బొమ్మ వాడి దగ్గరే ఉండిపోయింది కదా, అందుకని లైబ్రరీకి మళ్ళీ వెళ్ళాను. వాళ్ళమ్మగారిని అడిగితే బొమ్మ పట్టుకొచ్చారు. అనుమతి కాగితం మీద సంతకం కూడా పెట్టారు. బొగ్గు కొంచెం రాలిపోయింది, మడత పడింది, అయినా వెలుగు కనిపిస్తోంది. బొగ్గుచేతులు గారు చెప్పినట్టే గోడకి అంటించి తీశాను. నా బొమ్మలు ఐదు, అందులో ఒకటి బురద పట్టీ. వ్యాసం వేలిముద్రలున్న తలుపుతో మొదలైంది.

ఒక ఉత్తరం లైబ్రరీలో శనివారం క్లాసులు చూసుకునే మేడం రాశారు, ఆరోజు నన్ను తిట్టిన ఆవిడే. తలుపు తుడవడానికి మర్నాడు నేను మళ్ళీ వచ్చానని అందులో రాశారట. ఆ సంగతి నేనే మర్చిపోయాను.

బాండ్ గురించి మెయిల్ పెట్టాను. పార్ట్‌టైమ్ లెక్కలోకి రాదన్నారు. మధ్యలో మానేస్తే మిగిలిన ఏళ్ళ వంతే కట్టాలట, రాతలోనే ఉంది. ఉద్యోగం దొరక్కపోతే ఎన్నాళ్ళు ఆగుతారన్నదానికి మాత్రం జవాబు రాలేదు. అది వచ్చేదాకా సంతకం పెట్టనని నాన్నకి చెప్తే, "ఆ పద్దుపుస్తకం ఎవరో గానీ తెలివైనవాడు" అన్నారు. ఫీజుల ఆఫీసులో, రెండూ వస్తే డిపార్ట్‌మెంట్ డబ్బు ఆఖరి సెమిస్టర్‌కి మారుస్తామన్నారు. అదీ మెయిల్‌లోనే తీసుకున్నా.

లైబ్రరీకి వెళ్ళిన రోజు ఆ పిల్లాడు కూడా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి "టీచర్, మళ్ళీ ఎప్పుడు చీకటి చెరుపుదాం?" అన్నాడు.

---

సుద్దముక్క

ఆ మాట వ్యాసంలో పెట్టావా?

---

ఇంకుమరక

లేదు మేడం. బొమ్మకి ఫోటో తీయడం అయ్యాక, తిరిగిచ్చేటప్పుడు అన్నాడు. అప్పటికి వ్యాసం సరిగ్గా రెండు పేజీలయ్యింది, ఒక్క లైను కూడా పట్టలేదు.